మైనస్ 40 డిగ్రీల్లో బతికే జింకని ఒక్క వాన ఎలా చంపింది?

 

డిసెంబర్ వస్తే చాలు, షాపింగ్ మాల్స్ లో, గ్రీటింగ్ కార్డుల మీద, చిన్నపిల్లల స్వెటర్ల మీద ఒక జింక బొమ్మ కనిపిస్తుంది. క్రిస్మస్ తాత బండిని లాగే జింక. రెయిన్‌డీర్. దీన్నే ధ్రువపు జింక అని కూడా అంటాం. బొమ్మ అందరికీ తెలుసు. కానీ ఆ జంతువు గురించి మనకి తెలిసింది చాలా తక్కువ. ఇవాళ ఎపిసోడ్ దాని గురించే.

ఒక సంఘటనతో మొదలుపెడతాను. 2013 నవంబర్. రష్యాకి ఉత్తరాన ఆర్కిటిక్ సముద్రంలోకి పొడుచుకొచ్చిన యమల్ అనే ద్వీపకల్పం. అక్కడ నెనెట్స్ అనే ప్రజలు తరతరాలుగా రెయిన్‌డీర్ మందల్ని మేపుకుంటూ బతుకుతున్నారు. ఆ నవంబర్ లో నేలంతా అప్పటికే మంచు కప్పేసి ఉంది. అంతవరకు మామూలే. కానీ ఆ మంచు మీద వాన పడింది. వాన అయ్యాక మళ్ళీ గట్టి చలి వచ్చింది. జరిగింది అంతే. తుఫాను లేదు, వరద లేదు. కానీ ఆ చలికాలం గడిచేసరికి యమల్ లో ఉన్న 2,75,000 రెయిన్‌డీర్లలో 61,000 చనిపోయాయి. అంటే ప్రతి వందలో 22.

ఇప్పుడు ఆలోచించండి. మైనస్ 40 డిగ్రీల్లో హాయిగా పడుకుని నెమరువేసే జంతువు అది. దానికి చలి కొత్త కాదు. మరి వానకి ఎందుకు చచ్చిపోయింది? ఈ ప్రశ్నకి జవాబు కావాలంటే ముందు దాని ఒంటిని కొమ్ముల నుంచి గిట్టల దాకా ఒకసారి చూడాలి. అప్పుడు జవాబు దానంతట అదే వస్తుంది.

ముందు పేరు. యూరప్ లో, ఆసియాలో దీన్ని రెయిన్‌డీర్ అంటారు. ఉత్తర అమెరికాలో కారిబూ అంటారు. శాస్త్రీయ నామం ఒకటే, రాంజిఫర్ టరాండస్. కారిబూ అనే మాట కెనడాలోని మిక్‌మాక్ ఆదివాసీల భాష నుంచి వచ్చింది. దానికి అర్థం ఏంటో తెలుసా? "మంచుని గీకేది" అని. ఈ అర్థం ఒక్కటి గుర్తుపెట్టుకోండి. ఇవాళ నేను చెప్పబోయేదంతా ఆ ఒక్క మాటలోనే ఉంది.

ఇప్పుడు కొమ్ములు. మన రెండు తెలుగు రాష్ట్రాల జంతువుల్నే తీసుకుందాం. ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర జంతువు కృష్ణజింక. తెలంగాణ రాష్ట్ర జంతువు మచ్చల జింక, అంటే చుక్కల దుప్పి. రెండింటినీ మనం జింక అనే పిలుస్తాం గానీ, కొమ్ముల విషయంలో రెండూ వేరు. కృష్ణజింక కొమ్ము జీవితాంతం ఉంటుంది, మన మేక కొమ్ము లాగా. మచ్చల జింకది అలా కాదు, రాలిపోయి మళ్ళీ కొత్తగా మొలుస్తుంది. కానీ రెండింటిలో ఒక పోలిక ఉంది. కొమ్ములు మగవాటికే. ఆడ కృష్ణజింకకి మామూలుగా ఉండవు, ఆడ మచ్చల జింకకి అసలే ఉండవు.

రెయిన్‌డీర్ మచ్చల జింక బాపతు. కొమ్ములు ఏటా రాలి, ఏటా మొలుస్తాయి. పెరిగే రోజుల్లో మగవాటి కొమ్ము రోజుకి దాదాపు 2 సెంటీమీటర్లు పెరగగలదు. జంతు ప్రపంచంలో ఇంత వేగంగా పెరిగే ఎముక చాలా అరుదు. కానీ అసలు విశేషం అది కాదు. మొత్తం జింకల కుటుంబంలో ఆడవాటికి కూడా మామూలుగా కొమ్ములు వచ్చే జాతి ఇదొక్కటే.

ఎందుకు? మగవాటికి కొమ్ములు ఆడవాటి కోసం కొట్లాడుకోవడానికి. ఆ కొట్లాటలు శరదృతువులో అయిపోతాయి. అవి అవ్వగానే, చలికాలం మొదట్లోనే పెద్ద మగవాటి కొమ్ములు రాలిపోతాయి. ఆడవి మాత్రం చలికాలం అంతా కొమ్ములు ఉంచుకుంటాయి. కడుపుతో ఉన్నవైతే వసంతంలో ఈనే దాకా ఉంచుకుని, ఆ తర్వాత వదిలేస్తాయి. ఇది కేవలం అందం కోసం కాదు. చలికాలంలో మేత మంచు కింద ఉంటుంది. ఒక రెయిన్‌డీర్ కష్టపడి మంచు తవ్వి ఒక గుంట చేసుకుంటే, పక్కది వచ్చి తోసేసి ఆ గుంటలో మూతి పెడుతుంది. మన వీధి కుళాయి దగ్గర బిందెల క్యూ గుర్తుకు తెచ్చుకోండి, సరిగ్గా అదే. ఆ సమయంలో కొమ్ములు ఎవరికి ఉంటే గుంట వాళ్ళది. కడుపులో పిల్లని మోస్తున్న తల్లికి ఆ గుంట దక్కాలి. అందుకే కొమ్ములు.

దీన్ని బట్టి క్రిస్మస్ కార్డుల మీద బొమ్మ ఒకసారి చూడండి. డిసెంబర్ 25 నాటికి కొమ్ములతో నిలబడి బండి లాగుతున్నాయి అంటే, అవి చాలావరకు ఆడవే అయ్యుండాలి. ఇంకా కొమ్ములు రాలని కుర్ర మగవి, లేదా బండి లాగడానికి పెంచే విత్తులు కొట్టిన మగవి కూడా కావచ్చు.

ముక్కు సంగతి. 1939 లో అమెరికాలో ఒక షాపింగ్ కంపెనీ పిల్లలకి పంచడానికి రాయించిన చిన్న పుస్తకంలో రుడాల్ఫ్ అనే ఎర్ర ముక్కు రెయిన్‌డీర్ పుట్టింది. అది కథే. కానీ 2012 లో నెదర్లాండ్స్, నార్వే పరిశోధకులు నిజం రెయిన్‌డీర్ల ముక్కు లోపలి పొరని పరిశీలిస్తే, అక్కడ సన్నటి రక్తనాళాలు మనుషుల కంటే 25 శాతం దట్టంగా ఉన్నాయి. ఇవి ఏం చేస్తాయంటే, లోపలికి పీల్చిన గడ్డకట్టే గాలి ఊపిరితిత్తులకి చేరేలోపే వెచ్చబడుతుంది. బయటికి వదిలేటప్పుడు ఆ గాలిలోని వేడినీ తడినీ ముక్కు మళ్ళీ వెనక్కి లాక్కుంటుంది. చలిలో మనం ఊపిరి వదిలితే పొగలా వస్తుంది కదా, అదంతా మనం పారేసుకుంటున్న వేడి, నీరు. రెయిన్‌డీర్ అంత దుబారా చెయ్యదు.

ఒంటి మీద బొచ్చు రెండు పొరలు. పై వెంట్రుకలు లోపల గుల్లగా ఉంటాయి, వాటిలో గాలి బంధించి ఉంటుంది. మన ఫ్లాస్కులో వేడి పోకుండా చేసే పద్ధతికి దగ్గరగా ఉంటుంది అనుకోండి. కాళ్ళల్లో అయితే కిందికి వెళ్ళే వెచ్చటి రక్తం, పైకి వచ్చే చల్లటి రక్తం పక్కపక్కనే ప్రయాణిస్తాయి. దాంతో వేడి పాదం దాకా పోయి వృథా కాకుండా దారిలోనే వెనక్కి తిరుగుతుంది. పాదాలు చల్లగా, ఒళ్ళు వెచ్చగా ఉంటుంది.

పిల్లలు మే, జూన్ ప్రాంతాల్లో పుడతాయి. పుట్టిన గంటలోనే లేచి నిలబడతాయి. వాటికి మొదటి రోజుల్లో ఒంట్లో వేడి పుట్టించే ప్రత్యేకమైన గోధుమ రంగు కొవ్వు ఉంటుంది. తల్లి పాలల్లో కొవ్వు సుమారు 20 శాతం. మన గేదె పాలల్లో 6 నుంచి 8 ఉంటేనే చిక్కటి పాలు అని మురిసిపోతాం, ఇంక ఆ పాలు ఎలా ఉంటాయో మీరే ఊహించుకోండి.

సరే, ఇప్పటిదాకా చెప్పింది చూస్తే ఒక సంగతి అర్థమవుతుంది. చలి అనే సమస్యని ఈ జంతువు ఎప్పుడో పరిష్కరించేసుకుంది. దానికి మిగిలిన అసలు సమస్య మేత. సంవత్సరంలో ఆరేడు నెలలు మేత మంచు కింద ఉంటుంది. దాన్ని కనిపెట్టాలి, తవ్వాలి, అరిగించుకోవాలి. మిగతా శరీరం అంతా ఈ మూడు పనుల కోసమే తయారయింది.

మొదటిది, కనిపెట్టడం. ఇది వింటే నాకైతే మతి పోయింది. రెయిన్‌డీర్ కళ్ళు రుతువుని బట్టి రంగు మార్చుకుంటాయి. రాత్రిపూట రోడ్డు మీద పిల్లి కంట్లో హెడ్‌లైట్ పడితే మెరుస్తుంది కదా. కంటి వెనక అద్దం లాంటి ఒక పొర ఉండటం వల్ల అలా జరుగుతుంది. రెయిన్‌డీర్ కి ఆ అద్దం ఎండాకాలంలో బంగారు రంగులో ఉంటుంది, చలికాలంలో నీలంగా మారిపోతుంది. లండన్, నార్వే శాస్త్రవేత్తలు 2013 లో దీన్ని బయటపెట్టారు. ఆర్కిటిక్ లో చలికాలం అంటే వారాల తరబడి సూర్యుడు రాడు. కంటిపాప నెలల తరబడి విప్పారే ఉంటుంది. దాంతో కంటి లోపల ఒత్తిడి పెరిగి, ఆ అద్దం పొరలోని సన్నటి పోగులు దగ్గరగా నొక్కుకుపోతాయి. పోగుల మధ్య దూరం మారితే పొర వెనక్కి పంపే రంగు మారుతుంది. నీలంగా మారిన కన్ను తక్కువ వెలుతురుని కూడా పట్టుకోగలదు. చూపు కాస్త మసక అవుతుంది, కానీ చీకట్లో ఏదో ఒకటి కనిపించడం ముఖ్యం.

అంతేకాదు, మన కంటికి కనిపించని అతినీలలోహిత కాంతి, అంటే అల్ట్రావయొలెట్, రెయిన్‌డీర్ కి కనిపిస్తుంది. మంచు ఆ కాంతిని బాగా వెనక్కి కొడుతుంది. కానీ దాని మేత ఆ కాంతిని పీల్చేస్తుంది. తోడేలు బొచ్చు కూడా పీల్చేస్తుంది. అంటే మన కంటికి తెల్లటి మంచులో తెల్లటి తోడేలు కలిసిపోయి ఏమీ కనపడని చోట, రెయిన్‌డీర్ కి తెల్ల కాగితం మీద నల్ల మరక లాగా తోడేలు కనిపించే అవకాశం ఉంది. మంచు పూర్తిగా కప్పేసిన చోట కళ్ళు పనిచెయ్యవు, అక్కడ ముక్కు. మంచు అడుగున ఉన్న మేతని వాసనతో పసిగడుతుంది.

రెండోది, తవ్వడం. ఎండాకాలంలో టండ్రా నేల బురద బురదగా ఉంటుంది. అప్పుడు పాదం అడుగున మెత్తటి దిండు లాంటి భాగం వెడల్పుగా పరుచుకుని, కూరుకుపోకుండా కాపాడుతుంది. చలికాలం రాగానే ఆ మెత్తదనం కుంచించుకుపోయి, గిట్ట అంచు బయటికి వస్తుంది. ఇప్పుడు అది పార అంచు. జారకుండా మంచుగడ్డని పట్టుకోవడానికి, మంచు తవ్వడానికి. ఎండాకాలం టైర్లు, చలికాలం టైర్లు అని యూరప్ లో ఉన్న మన వాళ్ళు మారుస్తుంటారు కదా. దీనికి అవి పుట్టుకతోనే వచ్చాయి.

మూడోది, అరిగించుకోవడం. ఇక్కడ అసలు ఆ మేత ఏంటో చెప్పాలి. చలికాలంలో రెయిన్‌డీర్ ముఖ్యమైన తిండి లైకెన్. దీన్ని రెయిన్‌డీర్ మాస్ అని కూడా అంటారు గానీ అది నాచు కాదు. నిజానికి అది మొక్క కూడా కాదు. ఒక శిలీంధ్రం, ఒక శైవలం కలిసి ఒకే ఇంట్లో కాపురం పెడితే అది లైకెన్. శైవలం ఎండతో వంట చేస్తుంది, శిలీంధ్రం ఇల్లు కట్టిపెడుతుంది. మనకి కొత్తది అనుకుంటున్నారా? బిర్యానీ మసాలాలో రాతి పువ్వు వేస్తారు, హైదరాబాద్ లో పత్తర్ కా ఫూల్ అంటారు. అది కూడా ఒక లైకెనే. వేరే జాతి అంతే.

మనం చిటికెడు వాసన కోసం వేసుకుంటాం. రెయిన్‌డీర్ కి అదే నెలల తరబడి కడుపు నింపే అన్నం. మామూలు పశువులు దాని మీద బతకలేవు. రెయిన్‌డీర్ పొట్ట మొదటి గదిలో ఉండే సూక్ష్మజీవులు లైకెన్ లోని పిండిపదార్థాన్ని, అందులోని చేదు రసాయనాలని కూడా విరగ్గొట్టేస్తాయి. కాకపోతే లైకెన్ లో ప్రోటీన్ చాలా తక్కువ. అందుకని రెయిన్‌డీర్ మూత్రంలో పోవాల్సిన యూరియాని కూడా కొంత వెనక్కి లాగి పొట్టలోని సూక్ష్మజీవులకే పెడుతుంది. ఒక్క గ్రాము కూడా వృథా కాకుండా ఆ ఇల్లాలు సంసారం నడుపుకొస్తుంది.

ఇంకో చిన్న సంగతి. రెయిన్‌డీర్ నెమరువేస్తున్నప్పుడు దాని మెదడులో కనిపించే తరంగాలు గాఢనిద్రలో ఉన్నప్పటి తరంగాల్లాగే ఉంటాయని 2023 లో ఒక పరిశోధన వచ్చింది. ఎంత ఎక్కువ నెమరువేస్తే అంత తక్కువ నిద్ర చాలు. ఎండాకాలంలో 24 గంటలూ వెలుతురే, గడ్డి పుష్కలం. అప్పుడు తినడమే పని. నిద్రని కూడా తిండిలోనే కలిపేసుకుంది.

ఇంత పకడ్బందీగా తయారైన జంతువుకి బలహీనత ఎక్కడ? నేను సాఫ్ట్‌వేర్ జాబ్ చేసిన రోజుల్లో మేము తరచూ వాడే మాట ఒకటుంది, సింగిల్ పాయింట్ ఆఫ్ ఫెయిల్యూర్. సిస్టమ్ ఎంత గొప్పదైనా, అంతా ఒక్క వైరు మీద ఆధారపడితే, ఆ వైరు తెగిన రోజు అన్నీ ఆగిపోతాయి. రెయిన్‌డీర్ చలికాలానికి ఆ వైరు లైకెన్. దానికి వేర్లుండవు. గాలిలోంచి, వానలోంచి వచ్చింది నేరుగా పీల్చుకుంటుంది. ఏడాదికి కొన్ని మిల్లీమీటర్లే పెరుగుతుంది. ఒకసారి మేసేసిన నేల మళ్ళీ కోలుకోవాలంటే దశాబ్దాలు పడుతుంది.

గాలిలోంచి పీల్చుకుంటుంది అన్నాను కదా. 1986 ఏప్రిల్ లో చెర్నోబిల్ అణు ప్రమాదం జరిగినప్పుడు గాలిలో కొట్టుకొచ్చిన సీజియం స్వీడన్, నార్వే కొండల మీద వానతో కురిసింది. లైకెన్ దాన్ని స్పాంజిలా పీల్చుకుంది. లైకెన్ ని రెయిన్‌డీర్లు తిన్నాయి. ఆ ఏడాది సామి అనే ఆదివాసీ కాపరులు తమ మందల మాంసాన్ని పెద్ద ఎత్తున పారేయాల్సి వచ్చింది. రియాక్టర్ ఎక్కడో, కాపరి ఎక్కడో. మధ్యలో ఆ లైకెన్.

ఇక లైకెన్ అయిపోతే ఏమవుతుంది? దీనికి చరిత్రలో ఒక స్పష్టమైన ఉదాహరణ ఉంది. అలాస్కాకి, రష్యాకి మధ్య బేరింగ్ సముద్రంలో సెయింట్ మాథ్యూ అనే దీవి. వైశాల్యం సుమారు 330 చదరపు కిలోమీటర్లు. 650 చదరపు కిలోమీటర్ల పాత జీహెచ్ఎంసీ హైదరాబాద్ లో దాదాపు సగం. 1944 లో, రెండో ప్రపంచ యుద్ధం టైములో, అక్కడ రేడియో స్టేషన్ నడుపుతున్న కొద్దిమంది సిబ్బందికి అత్యవసరంలో ఆహారంగా ఉంటాయని అమెరికా కోస్ట్ గార్డ్ 29 రెయిన్‌డీర్లని వదిలింది. యుద్ధం అయిపోయింది, మనుషులు వెళ్ళిపోయారు. రెయిన్‌డీర్లు మిగిలాయి. ఆ దీవిలో తోడేళ్ళు లేవు. ఎన్నో ఏళ్ళుగా ఎవరూ మేయని లైకెన్ పరుపులా పరుచుకుని ఉంది.

డేవిడ్ క్లైన్ అనే జీవశాస్త్రవేత్త 1957 లో వెళ్ళి లెక్కపెడితే 1,350 ఉన్నాయి, బాగా బలిసి ఉన్నాయి. 1963 లో మళ్ళీ వెళ్ళాడు. 6,000. కానీ ఈసారి లైకెన్ నలిగిపోయి ఉంది, జంతువుల సగటు బరువు బాగా పడిపోయింది. ఆడవాటిది 38 శాతం, మగవాటిది 43 శాతం తగ్గింది. ఆ తర్వాతి చలికాలం చాలా కఠినంగా వచ్చింది, మంచు విపరీతంగా పడింది. 1966 లో క్లైన్ మూడోసారి వెళ్ళేసరికి దీవి నిండా ఎముకలు. బతికున్నవి 42. అందులో 41 ఆడవి. ఒకే ఒక్క మగది, అది కూడా సరైన కొమ్ములు లేనిది. ఒక్క పిల్ల కూడా లేదు. ఆ తర్వాతి దశాబ్దాల్లో అవి కూడా అంతరించాయి.

ఇక్కడ తోడేలు గురించి ఒక మాట. తోడేలు రెయిన్‌డీర్ కి శత్రువే, కాదనను. కానీ అది లేకపోవడం కూడా ప్రమాదమే అని ఆ దీవి చెప్పింది. మన నల్లమలలో చుక్కల దుప్పుల సంఖ్యని పులి, చిరుతపులి, రేచుకుక్కలు అదుపులో ఉంచుతాయి. అదే చుక్కల దుప్పిని బ్రిటిష్ వాళ్ళు తీసుకెళ్ళి అండమాన్ దీవుల్లో వదిలారు. అక్కడ వేటాడే పెద్ద జంతువు లేదు. లేత మొక్కలు పైకి రాకుండానే తినేస్తుంటే అడవి తిరిగి మొలకెత్తడమే కష్టమవుతోంది. మందలు పెద్దవిగా కనిపిస్తే అంతా బాగుందని అర్థం కాదు. కింద మేత ఎంత మిగిలిందో చూడాలి.

ఇప్పుడు మళ్ళీ యమల్ కి వద్దాం. అక్కడ లైకెన్, పాత గడ్డి అన్నీ ఉన్నాయి, మంచు కిందే ఉన్నాయి. మామూలు మంచు పొడి పొడిగా ఉంటుంది, పిండి లాగా. రెయిన్‌డీర్ గిట్టతో నాలుగుసార్లు గీకితే కింద మేత దొరుకుతుంది. కానీ మంచు మీద వాన పడితే? ఆ నీళ్ళు మంచులోకి ఇంకి, చలి రాగానే గట్టి ఐసుపలకగా గడ్డకడతాయి. దాన్ని గిట్ట పగలగొట్టలేదు. దాని అడుగున ఉన్న మేత వాసన కూడా సరిగా తగలదు. అన్నం గిన్నె ముందే ఉంది, మూతకి తాళం పడింది. 2013 లో పడిన ఆ ఐసు వసంతం దాకా కరగలేదు. 61,000 జంతువులు తిండి మీద నిలబడి ఆకలితో చనిపోయాయి. అంతకుముందు 2006 లోనూ ఇలాగే అక్కడ 20,000 దాకా పోయాయి.

ఇది జంతువుల లెక్క మాత్రమే కాదు. నెనెట్స్ కుటుంబం ఉండే గుడారం రెయిన్‌డీర్ చర్మంతో చేసిందే. తొడుక్కునే బట్ట అదే. తినే మాంసం అదే. ఒకచోట నుంచి ఇంకోచోటికి బండి లాగేది కూడా అదే. మంద పోయిన ఇంటికి ఎద్దులు, పొలం, ఇల్లు ఒకేసారి పోయినట్టు. టండ్రా మధ్యలో కదలడానికి కూడా దారి ఉండదు.

ఎందుకిలా జరుగుతోంది? యమల్ పక్కనున్న బారెంట్స్, కారా సముద్రాలు ఇదివరకు శరదృతువులోనే గడ్డకట్టేవి. ఇప్పుడు ఆలస్యంగా గడ్డకడుతున్నాయి. గడ్డకట్టని సముద్రం మీదనుంచి వెచ్చటి, తేమ నిండిన గాలి నేల మీదికి వస్తుంది. మంచు కురవాల్సిన చోట వాన కురుస్తుంది. యమల్ లో జరిగిన ఆ రెండు నష్టాలకీ, సముద్రపు మంచు తగ్గడానికీ సంబంధం ఉందని పరిశోధకులు చెప్పింది ఇదే.

చాలామంది అడుగుతారు, భూమి వేడెక్కితే చలి ప్రాంతాల జంతువులకి మంచిదే కదా అని. న్యాయమైన ప్రశ్న. కొంతవరకు నిజం కూడా. నార్వేకి చెందిన స్వాల్‌బార్డ్ దీవుల్లో ఎండాకాలం పొడవవడం వల్ల రెయిన్‌డీర్లకి గడ్డి ఎక్కువ దొరుకుతోంది, పిల్లలు ఎక్కువ పుడుతున్నాయి. కానీ అదే చోట చలికాలపు వానలు, ఐసు కూడా పెరిగాయి. మంద పెరిగి, చలికాలం మేత తాళం పడేసరికి, అక్కడి పెద్ద ఆడవాటి సగటు బరువు 1990 ల నాటి 55 కిలోల నుంచి 48 కిలోలకి పడిపోయింది. 2019 లో ఒకే చలికాలంలో ఆకలితో పోయిన 200 పైగా కళేబరాలు అక్కడి పరిశోధకులకి దొరికాయి.

ఇక్కడే నాకు ఒక విషయం బాగా తట్టింది. మనం సగటు చూస్తాం. సగటున రెండు డిగ్రీలు పెరిగింది అంటారు. మైనస్ 30 మైనస్ 28 అయితే ఏం కొంప మునిగింది అనిపిస్తుంది. నిజమే, రెయిన్‌డీర్ కి కూడా ఆ తేడా పట్టదు. కానీ మైనస్ ఒకటి ప్లస్ ఒకటి అయితే? తేడా ఆ రెండు డిగ్రీలే. కానీ మధ్యలో సున్నా ఉంది. సున్నాకి ఇటు మంచు, అటు వాన. సర్వర్ల డాష్‌బోర్డు కూడా అంతే. రోజంతా సగటు చూస్తే ఆకుపచ్చగానే ఉంటుంది. మధ్యలో సర్వర్ పడిపోయిన ఐదు నిమిషాలు ఆ సగటులో కనపడవు.

ఇది సర్వర్లు తెలియని మన రైతుకి ఇంకా బాగా తెలుసు. ఏడాది మొత్తం వాన లెక్క సరిపోయిందని ఆఫీసు రిపోర్టు చెప్తుంది. కానీ ఆ వాన కల్లంలో వడ్లు ఆరబోసిన రోజు పడితే? కొలత మారలేదు, వేళ మారింది. వేళ తప్పిన వాన ఏం చేస్తుందో మన ఊళ్ళల్లో ఎవరినడిగినా చెప్తారు. యమల్ కాపరికి జరిగింది అదే.

మొత్తంగా చూస్తే, 2018 లో అమెరికా ప్రభుత్వ సంస్థ నోవా విడుదల చేసిన ఆర్కిటిక్ నివేదిక ప్రకారం, రెండు దశాబ్దాల్లో కారిబూలు, అడవి రెయిన్‌డీర్లు కలిపి 47 లక్షల నుంచి సుమారు 21 లక్షలకి తగ్గాయి. దీనికి కారణం ఒక్క వానే అని నేను అనను. మేతలో మార్పులు, జబ్బులు, ఈగలు, దోమలు, రోడ్లు, గనులు అన్నీ కలిసి ఉన్నాయి.

పరిష్కారాల్లో కూడా చిక్కులున్నాయి. కరెంటు బొగ్గుతో కాకుండా గాలితో తీయాలి, మంచిదే. కానీ గాలిమరలు కట్టే కొండలు చాలాచోట్ల రెయిన్‌డీర్ల చలికాలపు మేత నేలలే. నార్వేలో ఫోసెన్ అనే చోట కట్టిన గాలిమరల అనుమతులు సామి కాపరుల హక్కుల్ని ఉల్లంఘిస్తున్నాయని, అవి చెల్లవని 2021 అక్టోబర్ లో అక్కడి సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. హై వోల్టేజ్ లైన్ల దగ్గరికి రెయిన్‌డీర్లు ఎందుకు రావో చెప్పడానికి కూడా కొందరు పరిశోధకులు ఒక వివరణ ఇచ్చారు. ఆ తీగల మీద పుట్టే అతినీలలోహిత మెరుపులు మనకి కనపడవు, వాటికి కనపడుతుండొచ్చు అని. చీకట్లో మేత వెతకడానికి వచ్చిన కన్ను, మనం వేసిన తీగని చూసి భయపడుతోంది అన్నమాట.

మరి కాపరులు ఏం చేస్తున్నారు? ఫిన్లాండ్, స్వీడన్ లో మేత కొని తెచ్చి పెడుతున్నారు. అది ఖర్చు, పైగా మందలన్నీ ఒకచోట గుమిగూడితే జబ్బులు. యమల్ లాంటి చోట్ల అసలు మందు కదలిక. ఒకచోట ఐసు కడితే, కట్టని ఇంకోచోటికి మందని తోలుకెళ్ళడం. అది వాళ్ళు వందల ఏళ్ళుగా చేస్తున్నదే. కాకపోతే వెళ్ళడానికి ఇంకోచోటు ఉండాలి. మధ్యలో గ్యాస్ పైపులైను, రైలు పట్టాలు, కంచె అడ్డురాకూడదు. ఈ జంతువుకి మనం చెయ్యగలిగిన పెద్ద సాయం కొత్తగా ఏదో ఇవ్వడం కాదు. నడిచే దారిని వదిలెయ్యడం, ఆకాశంలోకి మనం పంపే పొగని తగ్గించడం.

ఈసారి ఎక్కడైనా క్రిస్మస్ కార్డు మీద ఆ జింక బొమ్మ కనిపిస్తే, దాని కాళ్ళ వైపు చూడండి. ఆర్టిస్టు దాన్ని ఆకాశంలో ఎగరేస్తాడు. కానీ దాని బతుకంతా కిందనే ఉంది, మంచు అడుగున, కొన్ని మిల్లీమీటర్ల చొప్పున పెరిగే ఆ బూడిదరంగు లైకెన్ లో.

మీలో ఎవరైనా నార్వే, స్వీడన్, ఫిన్లాండ్, అలాస్కా వైపు ఉంటే, రెయిన్‌డీర్ ని దగ్గర్నుంచి చూసి ఉంటే, కామెంట్ లో రాయండి. అవి నడుస్తుంటే కాళ్ళ దగ్గర టిక్ టిక్ అని చప్పుడు వస్తుంది, అది పాదంలోని నరం ఎముక మీదుగా జారే శబ్దం. విన్నారో లేదో చెప్పండి. అలాగే మీ ఊళ్ళో వేళ తప్పిన వాన ఏం చేసిందో కూడా రాయండి, అవి చదవడం నాకు ఇంకా ముఖ్యం. ఎపిసోడ్ నచ్చితే ఇంట్లో పిల్లలకి చూపించండి. మళ్ళీ వచ్చే వారం కలుద్దాం. అప్పటిదాకా సెలవు, ఉంటానండి.